బొమ్మబండికి వెనకమనిషి

కువైట్‌లో నేనున్న రోజుల్లో చక్రమనేది ఉన్న ఏ వస్తువూ నా చెయ్యి పడకుండా తిరగలేదు. నీళ్ల ట్యాంకరు నడిపాను, షువైఖ్ పోర్టులో కంటెయినర్లు మోసే బండి నడిపాను. ఇసకలో ఇరుసుదాకా కూరుకుపోయిన, నాకు వీసా ఇచ్చిన కఫీల్ గారి జీపుని ఒంటిచేత్తో పైకి తీశాను, రెండో చేతిలో టీ గ్లాసు ఉంది కాబట్టి. దారికి ఒంటె అడ్డం పడితే అందరూ హారన్ కొట్టేవారు, నేను దిగి దాని చెవిలో ఒక మాట చెప్పేవాణ్ణి, అది సిగ్గుపడి తప్పుకునేది. నా గొప్పలు చెప్పుకోవాలంటే ఈ పూట చాలదు. ఇప్పుడు చెప్పబోయేది మా దుర్గారావు సంగతి.

దుర్గారావుది ముమ్మిడివరం దగ్గర లంక. షువైఖ్‌లో మా గోడౌనులో వాడి పని లారీల వెనక నిలబడటం. పెద్ద లారీ వెనక్కి వచ్చేటప్పుడు డ్రైవరుకి వెనకున్నది కనపడదు. కనపడేదల్లా అద్దంలో ఇంత ముక్క. మా గోడౌను గేటేమో లారీకి కొలత తీసి కుట్టించిన చొక్కాలాంటిది. అటు జానెడు, ఇటు జానెడు. అందుకని ఒక మనిషి వెనక నిలబడి, "ఎడం కొట్టు, ఇంకా కొట్టు, సరి, రానీ రానీ" అని కేక వెయ్యాలి. లారీ బయటికి పోయేటప్పుడు అదే మనిషి రోడ్డు మీదికెళ్లి దానికి ఎదురుగా నిలబడాలి. వెనకున్నా ఎదురున్నా వాడు చెప్పాల్సింది తన ఎడమ కాదు, సీట్లో కూర్చున్నవాడి ఎడమ. ఒళ్లు ఇక్కడ, బుర్ర సీట్లో ఉండాలి. దుర్గారావు ఆ పని ఎంత ఇష్టంగా చేసేవాడంటే, రూములో ఎవరైనా మంచం జరుపుతున్నా వెనకాల చేరి చెయ్యి ఊపేవాడు.

ఆ వేసవిలో ఒకరోజు లారీ గేటు స్తంభాన్ని గుద్దింది. గుద్దింది చిన్నపుల్లయ్య. రాజంపేట వైపువాడు, మా రూములోనే ఉంటాడు, మా గోడౌనులో అందరికంటే పాత డ్రైవరు. కుడివైపు స్తంభం పెచ్చులూడింది, లారీ మూల సొట్టపడింది, లోపలున్న బొమ్మల పెట్టెల వరసొకటి నుగ్గయింది. నేను లోపల టీ కాస్తున్నాను, చప్పుడొక్కటే విన్నాను. బయటికొచ్చేసరికి ముదీర్, అంటే మా మేనేజరు, తలపట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎడం కొట్టమన్నానండి," అంటున్నాడు దుర్గారావు. "ఎడవే అన్నానండి, ఆయ్."

చిన్నపుల్లయ్య సీట్లోంచి దిగలేదు. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, వచ్చీరాని హిందీలో ముదీర్‌తో చెప్పాడు. "వీడికి కుడిఎడమలు తెల్దు సార్. కుడి కొట్టమన్యాడు, కొట్టినా."

పాత డ్రైవరు మాటా, వెనక నిలబడేవాడి మాటా తూకానికి వేస్తే ఏది దిగుతుంది? ముదీర్ "ఖలాస్" అన్నాడు. ఆ ఒక్కమాటతో దుర్గారావు పని పోయి మోతలో పడ్డాడు. మర్నాటినుంచి కంటెయినరు లోపల, రేకుపెట్టె ఎండకి కాగుతుంటే, పెట్టెలు మొయ్యడమే. వాడి చోట మా రూములోనే ఉండే గంగాధరని నిలబెట్టారు.

మోత కష్టం వాడు ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది పేరు. రూములో "ఒరే దుర్గారావూ, ముద్ద కుడిచేత్తో తింటున్నావా ఎడంచేత్తోనా చూసుకో" అని గంగాధర నవ్వడం, ఉప్పు అందించమంటే "నీకు ఏపక్కుందో నేనే చెప్పాలా" అని ఇంకొకడు. గల్ఫులో తుమ్మితే గోదావరిలో వినిపిస్తుంది. శుక్రవారం ఇంటికి ఫోను చేస్తే వాళ్లావిడ వెంకటదుర్గ అడిగిందట, "ఏవండీ, మీకు కుడీఎడవా తెలవట్లేదంట, ఒంట్లో బావుంటున్నారా?" అని. వాడు బూత్‌లోంచి బయటికొచ్చి నాకు ఆ మాట చెప్పి, చాలాసేపు ఫోను కార్డు వంచుతూ కూర్చున్నాడు.

నుగ్గయిన పెట్టెల్ని చెత్తకింద పారెయ్యమన్నారు. ఆ మోసేవాడు దుర్గారావే కదా. అందులో ఒక పెట్టె పైన బొమ్మ చూసి ఆగిపోయాడు. రిమోటుతో నడిచే చిన్న బగ్గీ. పెద్ద చక్రాలు, పొట్టి ఒళ్లు, ఇసక ఎగజిమ్ముకుంటూ ఎదురుగా వస్తోంది. దానికి ఎదురుగా నిలబడ్డ మనిషి చేతిలో రిమోటు, దానికో చిన్న స్టీరింగు చక్రం. విడి ముక్కలు అన్నీ పెట్టెలో ఉంటాయి, కొన్నవాడే బిగించుకోవాలి, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసింది. ముదీర్‌ని అడిగితే, తీసుకుపొమ్మన్నట్టు చెయ్యి విదిలించాడు.

"ఎవరికిరా, మీ అబ్బాయికి పంపుతావా?" అన్నాను.

"నాకేనండి బాబాయ్."

"నీకా? బొమ్మబండా?"

"చూడండి, ఇందులో బండి ఎదురొస్తాది, నడిపేవోడు ఎదురుగుండా నిలబడతాడు. ఇది నడిపి చూపించేనంటే కుడిఎడవలు ఎవడికి తెలుసో, ఎవడికి తెలవవో అందరి కళ్లముందూ తేలిపోద్ది. ఆ తరవాత పెట్టెలు మొయ్యమన్నా మోస్తాను."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

ఫర్వానియాలో మా రూములో మంచాలు ఒకదాని మీద ఒకటి. దుర్గారావుది కింది మంచం. డ్యూటీ దిగి స్నానం చేసి, ఆ మంచం మీద పేపరు పరిచి, తను తినే స్టీలు కంచంలో స్క్రూలు పోసుకుని కూర్చునేవాడు. ముక్కలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు చింతకాయల్లా వేలాడుతున్నాయి. వాటిని ఒలవాలి. గిల్లి లాగితే తొడిమ దగ్గర విరిగి ముక్క పాడవుతుందని మొదటి ముక్కతోనే తెలిసింది. రెండోదాన్నుంచి గోళ్లు తీసుకునే కత్తెరతో తొడిమ తుంచి, సిమెంటు గట్టు మీద రుద్ది నున్నగా చేసేవాడు. పుస్తకంలో అక్షరాలు ఏ భాషో మాకెవరికీ తెలీదు, బొమ్మలు మాత్రం ఉన్నాయి. బొమ్మ మీద వేలు పెట్టి, ముక్క చేతిలో తిప్పి, మళ్లీ బొమ్మ చూసి, ఆ తరవాతే బిగించేవాడు. ప్లాస్టిక్‌లో స్క్రూ బిగించడం ఇనుములో బిగించడం లాంటిది కాదు. పట్టు దొరికిందాకా తిప్పి అక్కడ ఆగాలి. ఇంకొక్క చుట్టు అన్నావంటే మర చచ్చిపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంది. దుర్గారావు ఆఖరి చుట్టు దగ్గర ఊపిరి బిగబట్టేవాడు.

ఎదురు మంచం మీద చిన్నపుల్లయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు. నిద్రపట్టనివాడి వీపు ఎలా ఉంటుందో మీకు తెలుసుగా, అలా ఉండేది.

"ఏందప్పా ఆ కిటికిటి? పిలకాయల ఆట," అనేవాడు గోడతోనే.

"అయిపోయిందన్నా, ఒక్క మర," అనేవాడు దుర్గారావు. ఆ ఒక్క మర రోజూ ఉండేది. రూములో వంట నాది. ఒకరోజు పప్పులో వాషర్ వచ్చింది. చిన్నపుల్లయ్య పంటి కిందికే వచ్చింది. దాన్ని తీసి చూసి, దుర్గారావు కంచం అంచున పెట్టాడు.

వెనక చక్రాల దగ్గర గేర్లపెట్టె బిగించాడు, మోటారు కూర్చోబెట్టాడు. అప్పుడొచ్చింది చిక్కు. నాలుగు షాక్ అబ్జార్బర్లు, వేలెడంత గొట్టాలు. వాటిలో పొయ్యాల్సిన నూనె సీసా ఆ గుద్దుడికే పగిలి పెట్టె అంతా పారింది. పుస్తకం బొమ్మలో మాత్రం గొట్టంలో చుక్కలు పడుతున్నాయి.

"నూనే కదరా," అన్నాను నేను. "కోనసీమవాడివి, కొబ్బరినూనె ఉండగా నూనె లేదంటావా? మా ఊళ్లో ఒకాయన కొబ్బరినూనె పోసి రైలింజను నడిపాడు."

వాడు తలకి రాసుకునే సీసా తీసి, చుక్కచుక్కా గొట్టాల్లో పోసి, బుడగలు పోయేదాకా ఆడించి మూతలు బిగించాడు. నొక్కితే ఎంత మెత్తగా దిగి లేచిందో! ఇద్దరం మురిసిపోయాం. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి నొక్కితే బండి రాయిలా ఉంది. దిగదు, కదలదు. తప్పు తన చేతిదే అనుకుని వెనకభాగం మొత్తం విప్పాడు, బిగించాడు. మళ్లీ రాయే. ఆ పూట అన్నం కూడా తినలేదు. చివరికి కొంచెం గాలికి పట్టుకుపోదామని బండి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంటే, కాసేపటికి దానంతటదే మెత్తబడింది. మా రూములో ఏసీ చలికి కొబ్బరినూనె గడ్డకట్టింది. అంతే సంగతి. కువైట్ మొత్తం మీద నూనె గడ్డకట్టే చోటు ఏదైనా ఉంటే అది మా రూమొక్కటే. అందుకని అప్పట్నుంచి బండికి కాపురం మెట్ల మీదే.

గురువారం సాయంత్రం బ్యాటరీ పెట్టాడు. రిమోటుకి సెల్స్ కింద బకాలా కొట్లో తెచ్చాడు. రూమువాళ్లంతా మెట్ల దగ్గర మూగారు. చిన్నపుల్లయ్య కూడా బనీనుతో వచ్చి గడపకి ఆనుకుని నిలబడ్డాడు. దుర్గారావు బండిని చేత్తో పైకెత్తి పట్టుకుని స్టీరింగు కుడికి తిప్పాడు.

ముందు చక్రాలు ఎడమకి తిరిగాయి.

ఇంకోసారి తిప్పాడు. కుడికి తిప్పితే ఎడమకి, ఎడమకి తిప్పితే కుడికి.

గంగాధర నవ్వుతూ మెట్ల మీద కూలబడ్డాడు. "ఓర్నాయనో! బండిక్కూడా నేర్పేశాడ్రా కుడిఎడవలు!" ఇక చూడాలి, పై అంతస్తులో మలయాళీలు కూడా ఏం జరిగిందని తొంగిచూసేంత నవ్వు. నేనూ నవ్వాను. నవ్వనివాళ్లు ఇద్దరే, దుర్గారావూ చిన్నపుల్లయ్యా. చిన్నపుల్లయ్య ఒక్క క్షణం నిలబడి, "సెప్పినా గదా," అని లోపలికి పోయాడు. ఆ మాటలో సంతోషం ఉండాల్సింది, ఎందుకో లేదు.

దుర్గారావు ముఖం చూస్తే నాకే భయమేసింది. ఆ క్షణంలో వాడు తననే అనుమానించుకున్నాడు. ఆ తరవాత నాతో చెప్పాడు. నిజంగానే ఆ రోజు నోరు కుడి అందేమో, మనసు ఎడమ అనుకుందేమో అనిపించిందట. పారేస్తాడనుకున్నాను. పారెయ్యలేదు. పుస్తకం తెచ్చుకుని మొదటి బొమ్మ నుంచి మొదలుపెట్టాడు. ఈ కడ్డీ ఈ బొరియలోనేనా? అవును. ఈ మర ఇటేనా? అవును. తను బిగించిన ప్రతి ముక్కా బొమ్మలో ఉన్నట్టే ఉంది. అన్నీ సరిగ్గా ఉండి పని తప్పయితే, తప్పు ఇంకెక్కడో ఉండాలి. అలా ఆఖరి పేజీకి వచ్చాడు. అక్కడ రిమోటు బొమ్మ, దాని అడుగున ఒక వేలి బొమ్మ. రిమోటు తిరగేసి చూస్తే ఒక చిన్న మీట, బియ్యపు గింజంత. గోటితో అటు జరిపాడు. స్టీరింగు కుడికి తిప్పాడు. చక్రాలు కుడికి తిరిగాయి.

వాడు కేకలు వెయ్యలేదు. నన్ను పిలిచి, "బాబాయ్, ఓసారి నిలబడి చూడండి," అని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, మళ్లీ ఇటు. నేను తల ఊపేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

శుక్రవారం ఎండ ముదరకముందే మా బిల్డింగు వెనక ఖాళీ జాగాలోకి దిగాం. ఇసక నేల, పక్కన పాత కార్లు. దుర్గారావు రెండు టమాటా పెట్టెలు తెచ్చి, బండి కొలత చూసి మధ్యలో సందు వదిలాడు. అటు అంగుళం, ఇటు అంగుళం. అదేమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. చిన్నపుల్లయ్య గుర్తుపట్టి చూపు తిప్పుకున్నాడు.

దుర్గారావు బండిని దూరంగా పంపి, మలుపు తిప్పి, తనకి ఎదురుగా తెచ్చుకున్నాడు. పెట్టెల మధ్యనుంచి తీసుకుపోయాడు, రాకకొకసారి, పోకకొకసారి. ఇసక బుస్సుమంటోంది. గంగాధర నవ్వు ఆగిపోయింది.

"బొమ్మ నడపడం ఒక విద్యంటనా? ఇట్టియ్యి," అని చిన్నపుల్లయ్య చెయ్యి చాపాడు.

పంపేటప్పుడు బాగానే పంపాడు. పెద్ద డ్రైవరే, చెయ్యి నిలకడగానే ఉంది. తిరిగి ఎదురుగా వచ్చేసరికి బండి ఎడమకి పోతోందని కుడికి తిప్పాడు. అది ఇంకా ఎడమకి పోయింది. ఇంకా కుడికి తిప్పాడు. పోయి గోడని కొట్టింది. ఎదురొచ్చే బండిలో నీ కుడి దాని ఎడమ. సీట్లో కూర్చుని నడిపిన వాడికి ఆ అవసరం ఎన్నడూ రాలేదు పాపం. మళ్లీ తెచ్చాడు, మళ్లీ గోడే. ఎవరో కిసుక్కుమన్నారు. చిన్నపుల్లయ్య మెడ ఎర్రబడింది.

"నా చేతికియ్యండిరా, చక్రాల సంగతి నాకు తెలుసు," అని నేను అందుకున్నాను. తీసుకున్నానో లేదో బండి నా కాళ్ల మధ్యనుంచి దూసుకెళ్లి, వెనక ఆగి ఉన్న కారు కిందికి పోయి, అక్కడే చక్రాలు తిప్పుకుంటూ కూర్చుంది. కర్రతో లాగాల్సివచ్చింది. మీకు మొదట చెప్పిన గొప్పలున్నాయే, ట్యాంకరూ జీపూ ఒంటె చెవీ, అవన్నీ ఇక్కడితో వదిలెయ్యండి. నేను ఆ గోడౌను ఆఫీసులో టీలు ఇచ్చే ఫరాష్‌ని. నాకు లైసెన్సు లేదు. నేను నడిపింది టీ ట్రాలీ, దానికీ ఒక చక్రం సరిగా తిరిగేది కాదు.

నవ్వులయ్యాక రిమోటు మళ్లీ చిన్నపుల్లయ్య చేతిలోకి వెళ్లింది. ఇక ఇవ్వడు. పెదవి బిగించి బండినే చూస్తున్నాడు. అప్పుడు దుర్గారావు ఇసకలో నడుచుకుంటూ వెళ్లి, పెట్టెల అవతల నిలబడ్డాడు. బండి వెనకవైపు పెట్టెలకి తిప్పి పెట్టాడు.

"ఎనక్కే తెద్దాం అన్నా, గోడౌన్లోకి తెచ్చినట్టు. నువ్వు అటు తిరుగు. బండి వంక చూడొద్దు. నేను చెప్తాను."

"సూడకుండా యెట్లప్పా?"

"లారీలో చూసే తెస్తన్నావా?"

చిన్నపుల్లయ్య ఎవరైనా నవ్వుతారేమోనని అందరి ముఖాలూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు బండికి వీపు పెట్టి తిరిగాడు. ఎదురుగా ఖాళీ గోడ.

"రానీ," అన్నాడు దుర్గారావు.

బండి వెనక్కి కదిలింది.

"రానీ, రానీ... ఎడం కొట్టు. కొంచెం. ఇంకా కొట్టు. సరి, తిన్నగా. రానీ."

చిన్నపుల్లయ్య మొదట స్టీరింగుని భయంగా తిప్పాడు, ఎక్కడ గుద్దుతుందోనని భుజాలు పైకి లాక్కున్నాడు. రెండు మూడు మాటలయ్యేసరికి భుజాలు దిగాయి. మాట వస్తోంది, చెయ్యి తిరుగుతోంది. మధ్యలో ఆలోచన లేదు. గోడని చూస్తూ నిలబడ్డ ఆ మనిషి చేతుల్లో బండి పక్కకి తూగుతూ, సర్దుకుంటూ, పెట్టెల సందులోకి వెనక్కి దూరింది.

"కుడి కొట్టు, చిటికెడు. సరి. రానీ... రానీ... ఆపు."

చిన్నపుల్లయ్య వెనక్కి తిరిగి చూశాడు. బండి రెండు పెట్టెలకీ సరిగ్గా నడుమ ఆగి ఉంది. అటు అంగుళం, ఇటు అంగుళం.

ఆయన దాన్ని చూసినంతసేపు దుర్గారావు పెట్టెల అవతలినుంచి ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. వాడికి కావాల్సింది ఆ బండి ఆగడం కాదు, ఒక మాట. చిన్నపుల్లయ్య రిమోటుని జాగ్రత్తగా టమాటా పెట్టె మీద పెట్టి, చేతులు దులుపుకుని, స్నానానికి నీళ్లు వస్తున్నాయేమో చూడాలంటూ లోపలికి వెళ్లిపోయాడు.

దుర్గారావు బండికున్న ఇసకంతా బ్రష్షుతో దులిపాడు. ఆ రోజంతా అదే పని. "పోనీలెండి బాబాయ్, మనోళ్లు చూశారు," అన్నాడు. ముదీర్ చూడలేదు కదా. శనివారం మళ్లీ మోతే.

శనివారం పొద్దున్నే పోర్టు నుంచి సరుకొచ్చింది. గంగాధర గేటు లోపల నిలబడి చెయ్యి ఊపాడు. చిన్నపుల్లయ్య లారీని రోడ్డుకి అడ్డంగా తిప్పి, వెనకభాగం గేటుకి పెట్టి, ఆపేశాడు. ఇంజను కూడా ఆపేశాడు. అటూ ఇటూ బళ్లు నిలిచిపోయి హారన్లు మొదలయ్యాయి. ముదీర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ పరిగెత్తుకొచ్చాడు. నేను టీ ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను.

చిన్నపుల్లయ్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గేటువైపు చూపించాడు. "దుర్గారావు మాఫీ, రివర్స్ మాఫీ." మాఫీ అంటే అక్కడ లేదని. దుర్గారావు లేకపోతే వెనక్కి రావడం లేదు.

ముదీర్ అరిచాడు. రోడ్డు మీద వాళ్లంతా అరిచారు. చిన్నపుల్లయ్య తాళంచెవి తీసి జేబులో వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అంత ఎండలో, ఇంజను ఆగి ఏసీ పోయిన క్యాబిన్లో, చెమట కారిపోతుంటే తుడుచుకోకుండా కూర్చున్నాడు. చివరికి ముదీరే లోపలికి తిరిగి, "వేన్ దుర్గా?" అని, దుర్గా ఎక్కడని కేక పెట్టాడు.

దుర్గారావు కంటెయినర్లోంచి దిగాడు. ప్యాంటుకి చేతులు తుడుచుకున్నాడు. గంగాధర పక్కకి తప్పుకున్నాడు. వాడు తన చోట నిలబడి, ఒకసారి అటు స్తంభం, ఒకసారి ఇటు స్తంభం చూసుకుని చెయ్యెత్తాడు. ఇంజను లేచింది.

"రానీ, రానీ. ఎడం కొట్టన్నా. ఇంకా కొట్టు. సరి."

లారీ లోపలికి వచ్చి నిలిచింది. చిన్నపుల్లయ్య దిగి, ముదీర్ వింటుండగా, దుర్గారావు భుజం మీద చెయ్యి వేసి, "ఆ పొద్దు నువ్వు ఎడమే అన్న్యావు అబ్బీ. నేనే ఇనలేదు," అన్నాడు. మర్నాటినుంచి దుర్గారావు మళ్లీ లారీల వెనక.

ఇందులో ఒకటి నేను కల్పించాను. ఇంజను ఆపడం నిజం, తాళంచెవి నిజం, ముదీర్ పిలవడం నిజం, పని తిరిగి రావడం నిజం. చిన్నపుల్లయ్య ఆ మాట మాత్రం అనలేదు. దిగి, నా ట్రేలోంచి రెండు టీలు తీసి, ఒకటి దుర్గారావుకిచ్చి, లారీ నీడలో వాడి పక్కన నిలబడి రెండోది తాగాడు. దుర్గారావుకి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. మాట కావాల్సింది నాకు, అందుకని నేనే అనిపించాను.